తుమ్ము

చిక్కపేటలో జరీ చీరల హోల్‌సేల్ కొట్టు.
మెట్ల కింద, నిలబడితే తల తగిలే చోట
ఒక కంప్యూటరు, దాని ముందు ముద్దుకృష్ణయ్య.
హిందూపురం మాట, నలభై ఏళ్ల పద్దుల చెయ్యి.
ఆ బిల్లింగు ప్రోగ్రాము రాసింది నేను,
ఎస్పీ రోడ్డులో బేరింగుల షాపు పైన, అద్దెగదిలో.

తెర మూలనున్న ఎర్ర గుణకారం గుర్తు
ఆయన వేలికి ఈగలాంటిది, కనబడితే కొట్టేస్తాడు.
వరలక్ష్మి వ్రతానికి ముందువారం
కోలారు పార్టీది, నూటనలభై రెండు చీరల బిల్లు
సగం దారిలో అలాగే పోయింది.
తిట్టలేదు. కళ్లద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకుని
"పోయేముందర ఒక మాట అడగల్ల కదమ్మా" అన్నాడు.

అడగడానికి చోటు ఉంది. నేనే ఖాళీగా వదిలాను.
కిటికీ రెండుసార్లు కేకేస్తుంది:
మూసుకోబోతున్నాను, అని ఒకసారి.
మూసుకున్నాను, అని ఇంకోసారి.
రెండో కేకకి చేసేదేం లేదు,
దీపం ఆర్పి లెక్క రాసుకోవడమే.
మొదటి కేకలో, ఆ 'బోతు'లో,
చిటికెంత సేపు తలుపు ఇంకా మన చేతిలోనే ఉంటుంది.
రద్దు అనే చిన్న గడిలో నిజం అని రాస్తే
పోబోయేది పోదు.

ఇదంతా ఆయనకి ఎలా చెప్పాలో తెలీక
కాఫీ చల్లారేదాకా గాల్లో చేతులు తిప్పాను.
విని, విని,
"తుమ్మన్నమాట" అన్నాడు.

అంతే.
గడప దాటబోతుంటే ఎవరో తుమ్ముతారు.
కూచుంటాం. గుక్కెడు నీళ్లు తాగుతాం.
తర్వాత వెళ్తామో మానతామో మన ఇష్టం.
గడప దాటాక తుమ్మితే అది వట్టి జలుబు.

ఆ రాత్రే రాశాను. తొందరలో షరతు మర్చిపోయాను.
మర్నాడు రాత్రి తొమ్మిదిన్నరకి ఫోను,
వెనకాల షట్టరు సగం దించిన చప్పుడు:
"నీ కిటికీకి పడిశం పట్టిందమ్మా!
బిల్లు దాచినా తుమ్ముతాంది, దాచకున్నా తుమ్ముతాంది.
అది మిషను ఆర్పనీదు, సేటు నన్ను ఇంటికి పోనీడు."
మెజెస్టిక్‌లో ఎక్కిన బస్సు దిగి వెనక్కి పరిగెత్తాను.
ఒక్క వరస చాలింది: దాచని బిల్లు ఉంటేనే.

కరెంటు మాత్రం ఎవర్నీ అడగదు.
దానికి 'బోతు' లేదు. పోయింది, అంతే.
అందుకని అర నిమిషానికోసారి, చప్పుడు చెయ్యకుండా
బిల్లు నకలొకటి డిస్కు మీదికి దించేలా పెట్టాను.
ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.
చెబితే తుమ్ముని నమ్మడం మానేస్తాడేమో అని.

తొమ్మిదేళ్లు తుమ్మింది ఆ కిటికీ.

మొన్న సేటు కొడుకు లెక్కలన్నీ ఫోనుల్లోకి మార్చాడు.
మిషను పట్టుకుపోడానికి ఆటో వచ్చింది,
సందులో బండ్లు ఆగిపోయి ఒకటే గోల.
ముద్దుకృష్ణయ్యకి ఇక్కడ పని ఈ నెలతో సరి.
ఆయన చెప్పలేదు,
పద్దు పుస్తకాల కట్టకి చుట్టిన కొత్త తాడు చెప్పింది.
ఆఖరిసారి నేనే నొక్కాను ఆ ఎర్ర గుర్తుని.

ఆగింది.
'బిల్లు దాచలేదు. దాచమంటారా, వదిలెయ్యమంటారా, ఆగమంటారా?'

దాచడానికి ఏం మిగిలిందని చూస్తే
కొత్త బిల్లొకటి తెరిచి ఉంది.
పార్టీ పేరు లేదు. చీరలు లేవు. మొత్తం సున్న.
వివరం గడిలో ఒకే ఒక్క అక్షరం:
శ్రీ.

ఆయన వీపు ఇటు తిప్పి
సర్ది ఉన్న చీరల్నే మళ్లీ సర్దుతున్నాడు.

ఆటోవాడు ఇంకోసారి హారను కొట్టాడు.
నేను కూచున్నాను.
సీసా మూత తిప్పి గుక్కెడు నీళ్లు తాగి
మిగిలినవి ఆయన వైపు చాచాను.